కెమెరా ఎక్కడ నిలబడింది?

(జర్నలిజం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో అడిగిన ప్రశ్నలు, జవాబులతో సహా. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం.

ఇందాక పరిచయం చేస్తూ నన్ను యుద్ధ వార్తల నిపుణుడు అన్నారు. నేను ఏ యుద్ధానికీ వెళ్లలేదండీ. తెలుగు పత్రికల్లో అంతర్జాతీయ పేజీ పెట్టే డెస్కులో చాలాకాలం కూర్చున్నాను. సాయంత్రం నుంచి ఏజెన్సీ కాపీ, అంటే రాయిటర్స్ లాంటి వార్తా సంస్థలు పంపే వార్తలు, వచ్చి పడుతుంటుంది. దాన్ని తెలుగు చెయ్యాలి, ఫొటో ఎంచాలి, హెడ్డింగ్ పెట్టాలి, టైముకి పేజీ వదలాలి. ఆఖరి నిమిషంలో ప్రకటన వస్తే ముందు ఎగిరిపోయేది మా పేజీయే. బాగ్దాద్, కైరో, హోమ్స్, సనా అన్నీ నాకు ఆ టేబుల్ మీదుగా తెలిసిన ఊళ్లే. యుద్ధం ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లు చెప్పాలి. యుద్ధ వార్త ఎలా తయారై మన దాకా వస్తుందో మాత్రం నేను చెప్పగలను.

2003 ఏప్రిల్ 9తో మొదలుపెడతాను. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. అమెరికా ఇరాక్ మీద యుద్ధానికి దిగిన రోజులు. బాగ్దాద్‌లో ఫిర్దౌస్ కూడలి. మధ్యలో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ విగ్రహం. కొందరు ఇరాకీలు సమ్మెటతో దిమ్మెను కొడుతున్నారు, మెడకు తాడు వేసి లాగుతున్నారు. అది కదలడం లేదు. అప్పుడు అమెరికన్ మెరైన్లు తమ పెద్ద వాహనం తెచ్చి, గొలుసు తగిలించారు. ఒక సైనికుడు పైకెక్కి విగ్రహం మొహానికి అమెరికా జెండా కప్పాడు. కాసేపటికి అది తీసేసి ఇరాక్ జెండా పెట్టారు. తర్వాత విగ్రహం కూలింది. ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. మర్నాడు దాదాపు ప్రతి పత్రికలో మొదటి పేజీ ఫొటో అదే.

ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పుడు వెతికి చూడండి. దగ్గర నుంచి తీసినవాటిలో జనం కిక్కిరిసి ఉంటారు. పై అంతస్తు నుంచి తీసిన ఫొటోల్లో కూడలిలో చాలా భాగం ఖాళీ. ఉన్న గుంపులో సైనికులు, కెమెరాలు పట్టుకున్న విలేకరులు కొట్టొచ్చినట్టు కనిపిస్తారు. రెండూ నిజమైన ఫొటోలే, ఎవరూ మార్ఫింగ్ చెయ్యలేదు. సంతోషించిన ఇరాకీలు కూడా నిజంగానే సంతోషించారు. కానీ అంత పెద్ద నగరంలో ఆ ఒక్క కూడలే ప్రపంచానికి ఎందుకు కనపడింది? దాన్ని ఆనుకునే పాలస్తీన్ హోటల్ ఉంది. విదేశీ విలేకరుల్లో ఎక్కువమంది మకాం అక్కడే. దిగి రోడ్డు దాటితే చాలు.

ముందు రోజు ఏప్రిల్ 8న అదే హోటల్ మీద అమెరికన్ ట్యాంకు గుండు పేల్చింది. రాయిటర్స్ కెమెరామన్ తరాస్ ప్రొత్సియుక్, స్పెయిన్ టీవీ కెమెరామన్ హోసే కౌసో చనిపోయారు. ఆ ఉదయమే నగరంలో అల్ జజీరా ఆఫీసు మీద అమెరికన్ దాడి జరిగి తారిఖ్ అయ్యూబ్ అనే విలేకరి పోయాడు. తమ ఆఫీసు ఎక్కడుందో ఆ చానల్ ముందే అమెరికా రక్షణ శాఖకు చెప్పి ఉంచింది. విగ్రహం కూలిన మర్నాడు, అంటే 10న, జాతీయ మ్యూజియం లూటీ మొదలైంది. వేల ఏళ్ల నాటి వస్తువులు వేల సంఖ్యలో పోయాయి. ఆ లూటీకి లైవ్ లేదు.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. అరబ్ దేశాల నుంచి వచ్చిన వార్త ఏదైనా మీ చేతికి అందితే, నిజమా అబద్ధమా అని తేల్చేముందు ఇంకో రెండు అడగండి. కెమెరా ఎక్కడ నిలబడింది? ఆ కెమెరా పట్టుకున్నవాడు రేపు ఎక్కడుంటాడు? వాడు విమానం ఎక్కి వెళ్లిపోతాడా, అదే వీధిలో ఉంటాడా?

ఇరాక్ యుద్ధంలో వందల మంది విలేకరులు అమెరికన్, బ్రిటిష్ సైనిక దళాలతో కలిసి ప్రయాణించారు. ఎంబెడెడ్ అన్నారు వాళ్లని. సైన్యం పెట్టింది తిన్నారు, వాళ్ల కందకాల్లోనే పడుకున్నారు, వాళ్ల బండి కిటికీలోంచే చూశారు. అబద్ధం రాశారని అనను. చాలామంది మంచి వార్తలు పంపారు. కాకపోతే బాంబు బయల్దేరే చోట ఉన్నవాడికి అది పడే చోటు కనపడదు. అంతకుముందు, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న అమెరికా వాదన విషయంలో జరిగింది ఇంకా పెద్దది. న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రిక 2004 మే 26న, మేం తగినంత గట్టిగా ప్రశ్నించలేదు అంటూ పాఠకులకు నోట్ ప్రచురించాల్సి వచ్చింది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది.

2004 తర్వాత పరిస్థితి మారింది. విదేశీయులు హోటల్ గేటు దాటితే కిడ్నాప్. మరి వార్తలు ఎలా వచ్చాయి? ఇరాకీ కుర్రాళ్లు వెళ్లి తెచ్చారు. బాంబు పేలిన చోటికి టాక్సీలో వెళ్లి, పేర్లు రాసుకుని, ఆస్పత్రిలో మృతుల సంఖ్య కనుక్కుని, హోటల్లో ఉన్న బ్యూరోకి ఫోన్ చేసేవాళ్లు. విదేశీ సంస్థకి పనిచేస్తున్నట్టు పక్కింటివాళ్లకి కూడా చెప్పేవాళ్లు కాదు. తెలిస్తే ప్రాణం పోతుంది. మన మండలాల్లో కంట్రిబ్యూటర్ ఉంటాడు చూడండి, అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉండదు, జీతం లైన్ల లెక్క, ఊళ్లో గొడవ వస్తే తన్నులు మాత్రం అతనికే. ఇరాక్‌లో ఆ తన్నుల స్థానంలో తుపాకీ గుండు.

2007 జులై 12. బాగ్దాద్‌లో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, 22 ఏళ్లవాడు. అతనితో డ్రైవర్, కెమెరా సహాయకుడు సయీద్ ఛ్మాగ్, 40 ఏళ్లు. ఇద్దరూ వీధిలో ఉండగా అమెరికన్ అపాచీ హెలికాప్టర్ కాల్చి చంపింది. భుజానికి వేలాడుతున్న కెమెరాని పైనున్నవాళ్లు ఆయుధం అనుకున్నారు. ఆ వీడియో ఇవ్వమని రాయిటర్స్ సమాచార చట్టం కింద అడిగింది, ఇవ్వలేదు. 2010 ఏప్రిల్‌లో, రహస్య పత్రాలు ప్రచురించే వికీలీక్స్ అనే సంస్థ బయటపెట్టింది. మేం డెస్కులో దాన్ని మొదట శబ్దం లేకుండా చూశాం. తర్వాత శబ్దంతో చూశాం. పైలట్లు ఒకరితో ఒకరు మామూలుగా కబుర్లాడుకుంటున్నట్టే మాట్లాడుకుంటారు. చాలాసేపు ఎవరూ టీకి లేవలేదు.

ఇక 2010 డిసెంబరు 17. ట్యునీషియాలో సిదీ బూజిద్ అనే చిన్న ఊరు. బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే మహమ్మద్ బువాజీజీ కాటా పట్టుకుపోయారు. ఫిర్యాదు చేద్దామని గవర్నర్ ఆఫీసుకి వెళితే లోపలికి రానివ్వలేదు. ఆఫీసు ముందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. అల్ జజీరాకి అక్కడ ఆఫీసు పెట్టుకునే అనుమతి లేదు. ఊళ్లోవాళ్లు నిరసనని ఫోన్లో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే ఆ వీడియో తీసుకుని చానల్ ప్రసారం చేసింది. తక్కిన దేశానికి అలా తెలిసింది.

ప్రపంచ పత్రికలు చాలావరకు అతన్ని ఉద్యోగం దొరకని పట్టభద్రుడు అని రాశాయి. అతను హైస్కూలు కూడా పూర్తి చెయ్యలేదు. చదువుకుని బండి తోసుకుంటున్నాడంటే కథ నిండుగా ఉంటుంది, ఒకరు రాశారు, వందమంది ఎత్తుకున్నారు. నాకు మాత్రం చదువులేని బువాజీజీయే ఎక్కువ బాధ కలిగిస్తాడు. డిగ్రీ లేనివాడి కాటా గుంజుకుంటే మాత్రం అన్యాయం కాదా?

ఆ ఉదంతంలో నేను మర్చిపోలేని ఫొటో ఒకటుంది. డిసెంబరు 28న అధ్యక్షుడు బెన్ అలీ ఆస్పత్రికి వెళ్లాడు. మంచం మీద తల నుంచి కాళ్ల దాకా తెల్లని కట్లలో ఒక మనిషి. మొహం కనపడదు. పక్కన సూటు వేసుకున్న అధ్యక్షుడు, చుట్టూ డాక్టర్లు. తీయించింది ప్రభుత్వమే, జనాన్ని చల్లార్చడానికి. చూసినవాళ్లకి ఇంకా మండింది. జనవరి 4న బువాజీజీ చనిపోయాడు. 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ 14న సౌదీ అరేబియాకి పారిపోయాడు.

ఆ తర్వాత ఈజిప్టు. దాన్ని ఫేస్‌బుక్ విప్లవం అని మనమంతా రాశాం. జనవరి 25న జనాన్ని పిలవడంలో ఫేస్‌బుక్‌కి పాత్ర ఉంది, కాదనను. కానీ 28 తెల్లవారుజామున ప్రభుత్వం దాదాపు దేశం మొత్తానికి ఇంటర్నెట్ ఆపేసింది. ఫిబ్రవరి 2 దాకా తిరిగి రాలేదు. కైరోలోని తహ్రీర్ కూడలిలో జనం బాగా పెరిగింది ఆ రోజుల్లోనే! ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకునే వీలు లేక పిల్లలు ఏమయ్యారో చూద్దామని తల్లిదండ్రులు కూడా రోడ్డెక్కారు. అంతకన్నా ముందు మహల్లా అనే ఊళ్లో బట్టల మిల్లు కార్మికుల సమ్మెలు 2006 నుంచీ నడుస్తున్నాయి. అధ్యక్షుడు ముబారక్ దిగిపోయే ముందు ఆఖరి వారంలో దేశమంతా సమ్మెలు లేచాయి, సూయజ్ కాలువకు పనిచేసే కంపెనీల్లో కూడా. వాటికి ఎంత స్థలం ఇచ్చాం? కెమెరాలన్నీ తహ్రీర్ చుట్టూ ఉన్న బాల్కనీల్లో ఉన్నాయి. మిల్లు ఎదురుగా బాల్కనీ లేదు.

ప్రభుత్వ టీవీ సంగతి వేరు. లక్షలమంది రోడ్డు మీద ఉంటే వాళ్లు ప్రశాంతంగా ఉన్న నైలు నది వంతెన చూపించారు. నైల్ టీవీలో పెద్ద హోదాలో ఉన్న షహీరా అమీన్ ఫిబ్రవరి 3న ఆఫీసుకి బయల్దేరి, దారిలో మనసు మార్చుకుని తహ్రీర్‌కి వెళ్లిపోయారు. రాజీనామా చేశారు. ముబారక్ ఉంటాడో పోతాడో ఎవరికీ తెలియని రోజది. గెలిచాక పక్షం మారినవాళ్లు బోలెడుమంది. ఆమెది వాళ్ల లెక్క కాదు.

ఈజిప్టులో తర్వాత జరిగింది కూడా గుర్తుపెట్టుకోండి. 2013 జులై 3న సైన్యం అధ్యక్షుడు ముర్సీని దించింది. ఆగస్టు 14న కైరోలో ముర్సీ మద్దతుదారులు బైఠాయించిన రబా కూడలిని భద్రతా దళాలు ఖాళీ చేయించాయి. కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది. స్కై న్యూస్ కెమెరామన్ మిక్ డీన్ అక్కడే పోయాడు. షౌకాన్ అనే పేరుతో ఫొటోలు తీసే ఈజిప్టు యువకుడు ఆ రోజు అరెస్టయి 2019 మార్చిలో బయటికొచ్చాడు. ఫొటోలు తీయడానికి వెళ్లినందుకు అయిదున్నరేళ్లు! 2013 చివర్లో అల్ జజీరా ఇంగ్లిష్ విలేకరులు ముగ్గుర్ని పట్టుకున్నారు. కోర్టులో సాక్ష్యంగా చూపించినవాటిలో పీటర్ గ్రెస్టే తల్లిదండ్రుల ఫొటోలున్నాయి. బాహెర్ మహమ్మద్ దగ్గర వాడేసిన తూటా గొట్టం ఒకటి దొరికిందని అదనంగా మూడేళ్లు వేశారు. గ్రెస్టే ఆస్ట్రేలియన్, 2015 ఫిబ్రవరిలో పంపించేశారు. బాహెర్ ఈజిప్షియన్. సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

అల్ జజీరా ఇన్నిసార్లు వస్తోంది కాబట్టి ఒక మాట. 1996లో మొదలైన ఆ చానల్ అరబ్ జనానికి గొప్ప మేలు చేసింది. తమ పాలకుల్ని నిలదీసే చర్చ సొంత భాషలో టీవీలో వాళ్లు అంతకుముందు చూడలేదు. అయితే దాని వెనక ఉన్నది ఖతార్ ప్రభుత్వ డబ్బు. 2011 ఫిబ్రవరి 14న బహ్రెయిన్‌లో జనం ముత్యాల కూడలిలో చేరారు. మార్చి 14న సౌదీ దళాలు వంతెన దాటి వచ్చాయి. 18న కూడలిలోని స్మారకాన్నే పడగొట్టారు. తహ్రీర్‌ని రాత్రింబవళ్లు చూపించిన అల్ జజీరా అరబిక్ చానల్ బహ్రెయిన్ దగ్గర గొంతు బాగా తగ్గించింది. సౌదీ యాజమాన్యంలోని అల్ అరబియాదీ ఇంచుమించు అదే తీరు. తెలుగు చానళ్లు చూసి పెరిగినవాళ్లం, యజమాని ఎవరో తెలిస్తే ఏ వార్త రాదో చెప్పగలం. అక్కడా అంతే.

(నవ్వులు)

సిరియా దగ్గర కాస్త ఆగుతాను. 2011లో తిరుగుబాటు మొదలయ్యాక ప్రభుత్వం విదేశీ విలేకరులకి వీసాలు ఇవ్వలేదు, ఇచ్చినా పక్కన మనిషిని పెట్టింది. దాంతో సరిహద్దు దొంగచాటుగా దాటి వెళ్లారు. 2012 ఫిబ్రవరిలో హోమ్స్ నగరంలో బాబా అమ్ర్ పేటని సైన్యం చుట్టుముట్టింది. అమెరికన్ విలేకరి మేరీ కాల్విన్ మూడు కిలోమీటర్ల సొరంగంలోంచి వంగి నడుచుకుంటూ లోపలికి వెళ్లారు. అంతకుముందు 2001లో శ్రీలంకలో గ్రెనేడు తగిలి ఆవిడకి ఒక కన్ను పోయింది. బాబా అమ్ర్‌లో ఒక కర్ర ఫ్యాక్టరీ కింద నేలమాళిగలో ఆడవాళ్లు, పిల్లలు తలదాచుకుంటే వాళ్ల గురించి బ్రిటన్ పత్రిక సండే టైమ్స్‌కి రాశారు. 21 రాత్రి టీవీ చానళ్లతో మాట్లాడి, తన కళ్లముందు చనిపోయిన పసిబిడ్డ గురించి చెప్పారు. మర్నాడు ఉదయం వాళ్లున్న మీడియా సెంటర్ మీద గుళ్లు పడ్డాయి. ఆవిడా, ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ రేమీ ఓష్లిక్ చనిపోయారు. అది గురిచూసి చేసిన దాడేనని 2019లో అమెరికా కోర్టు తేల్చి, సిరియా ప్రభుత్వం 30 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలంది.

ఇది మీరు ఎక్కడో చదివే ఉంటారు. 21వ తేదీన అదే పేటలో పోయిన రామీ అల్ సయ్యద్ గురించి చదివారా? బాబా అమ్ర్ కుర్రాడు. ఇంటి పైకప్పు నుంచి బాంబులు పడుతుంటే లైవ్ ఇచ్చేవాడు. అంతర్జాతీయ చానళ్లు వాడుకున్న హోమ్స్ దృశ్యాల్లో అతనివి చాలా ఉన్నాయి. అతని బంధువు బాసిల్ అల్ సయ్యద్ కూడా అంతకుముందు డిసెంబరులో వీడియో తీస్తూనే చనిపోయాడు. కాల్విన్ గొప్పదనం దీనివల్ల ఏమీ తగ్గదు. ఆవిడ వెళ్లకపోతే ప్రపంచం అంత గట్టిగా వినేది కాదు. కానీ ఆవిడ వెళ్లేటప్పటికే అక్కడ చూపిస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లు బయటికి వచ్చే సొరంగం కోసం చూడలేదు.

డ్రైవర్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2011 మార్చిలో లిబియాలో న్యూయార్క్ టైమ్స్ వాళ్లు నలుగురు చెక్‌పోస్టు దగ్గర అప్పటి పాలకుడు గడాఫీ సైన్యానికి చిక్కారు. వాళ్లలో ఆంథొనీ షదీద్ ఒకడు. లెబనాన్ మూలాలున్న అమెరికన్, అరబిక్ మాట్లాడేవాడు, ఇరాక్ వార్తలకి రెండు పులిట్జర్ బహుమతులు తెచ్చుకున్నాడు. కొన్ని రోజులకి నలుగురూ విడుదలయ్యారు. వాళ్ల కారు నడిపిన మహమ్మద్ షగ్లూఫ్ తిరిగి రాలేదు.

ఇంకో పక్క ఏమవుతుందంటే, చూసేవాడు అక్కడ లేకపోతే కల్పించేవాడు వస్తాడు. 2011లో డమాస్కస్ నుంచి అమీనా అనే అమ్మాయి ఇంగ్లిష్‌లో రాస్తోందని పెద్ద పెద్ద పత్రికలు పొంగిపోయాయి. ఆమెని కిడ్నాప్ చేశారన్న వార్తతో ప్రపంచమంతా ఆందోళన. తీరా చూస్తే ఎడిన్‌బరోలో చదువుకుంటున్న 40 ఏళ్ల అమెరికన్ మగవాడు. 2014 నవంబరులో తూటాల మధ్య ఒక పిల్లాడు పాపని కాపాడే వీడియో లక్షలమంది చూశారు. నార్వే సినిమావాళ్లు మాల్టాలో సెట్‌లో తీశారు. ఇలాంటివి బయటపడ్డ ప్రతిసారీ నష్టపోయింది నిజంగా వీడియో తీస్తున్న హోమ్స్, అలెప్పో కుర్రాళ్లే. ఇదీ నటనే అనేయడం ప్రభుత్వానికి సులువైపోయింది.

మరి ఎలా పట్టుకోవాలి? ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఇంట్లో కూర్చుని ఎలియట్ హిగిన్స్ అనే ఆయన 2012 నుంచి సిరియా వీడియోలు వరసగా చూస్తూ, ఏ రాకెట్టు ఏ రకం, రెక్కలు ఎన్ని, మీద అంకెలేమిటి అని గుర్తించడం మొదలుపెట్టాడు. అరబిక్ రాదు. ఓపిక ఉంది. ఆ పద్ధతే ఇప్పుడు ప్రతి పెద్ద న్యూస్‌రూమ్‌లో ఉంది. వీడియోలో మినార్ ఉంటే దాని బాల్కనీలు ఎన్నో చూస్తారు. ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు, వెనక కొండ గీత ఉపగ్రహ చిత్రంతో పోలుస్తారు. నీడ పొడవుని బట్టి టైము, నేల తడిని బట్టి ఆ రోజు వాన పడిందా లేదా సరిచూస్తారు. మనిషి మాట్లాడే యాస వినిపిస్తారు ఆ ఊరివాళ్లకి.

షిరీన్ అబూ అక్లే ఉదంతం ఈ పనికి మంచి పాఠం. పాలస్తీనాలో పాతికేళ్లపాటు అల్ జజీరాకి పనిచేసిన మనిషి. 2022 మే 11 ఉదయం జెనిన్‌లో, ప్రెస్ అని రాసిన కోటు, హెల్మెట్ వేసుకుని ఉండగా హెల్మెట్ కింద తూటా తగిలింది. పాలస్తీనా సాయుధులే కాల్చి ఉంటారని ఇజ్రాయెల్ ప్రభుత్వం మొదట ఒక వీడియో చూపించింది. ఇజ్రాయెల్‌లోనే ఉన్న బెత్సెలెం అనే మానవ హక్కుల సంస్థ మనిషి ఆ సందులోకి నడిచి వెళ్లి, ఇక్కడి నుంచి అక్కడికి తూటా వెళ్లే దారే లేదని చూపించాడు. తర్వాత వార్తా సంస్థ ఏపీ, సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ విడివిడిగా పరిశోధించాయి. తూటా గాలిని చీల్చిన చప్పుడు ఒకటి, తుపాకీ పేలిన చప్పుడు ఒకటి, రెండిటి మధ్య క్షణంలో చిన్న భాగం తేడా రికార్డయింది. దాన్నిబట్టి దూరం కట్టారు. దాదాపు 200 మీటర్లు వచ్చింది. ఇంచుమించు అంత దూరంలో ఉన్నది ఇజ్రాయెల్ సైనిక వాహనాలు. సెప్టెంబరు 5న సైన్యం, మా సైనికుడి తూటా పొరపాటున తగిలి ఉండే అవకాశమే ఎక్కువ అని ఒప్పుకుంది. కేసు పెట్టలేదు. మే 11 నాటి మొదటి ప్రకటన మన పత్రికల్లో ఎన్ని కాలమ్‌లు వచ్చింది, సెప్టెంబరు 6న ఎన్ని వచ్చింది, లైబ్రరీలో తీసి కొలవండి. మీకు మంచి ప్రాజెక్టు.

2023 అక్టోబరు తర్వాత గాజాలోకి విదేశీ విలేకరుల్ని ఇజ్రాయెల్ సొంతంగా వెళ్లనివ్వలేదు, సైన్యం వెంట తీసుకెళితే తప్ప. లోపలి వార్తంతా గాజా విలేకరులదే. వాళ్లూ ఆకలితో క్యూలో నిలబడేవాళ్లే, వాళ్ల ఇళ్లూ కూలినవే. విలేకరుల మరణాల్ని సీపీజే అనే సంస్థ 1992 నుంచి లెక్కపెడుతోంది. ఇన్ని మరణాలు ఏ యుద్ధంలోనూ నమోదు కాలేదు.

సూడాన్‌ది ఇంకో బాధ. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలటరీకీ యుద్ధం మొదలైంది. కోటిమందికి పైగా ఇళ్లు వదిలారు. ఎల్ ఫాషర్ నగరం ఏడాదికి పైగా ముట్టడిలో ఉండి 2025 అక్టోబరు 26న పడిపోయింది. అక్కడ జరిగిన ఊచకోతని యేల్ యూనివర్సిటీ వాళ్లు ఉపగ్రహ చిత్రాల్లో నేల రంగు మారడం చూసి చెప్పాల్సి వచ్చింది. ఫోన్లు లేవు, నెట్ లేదు, తీసినవాడు బతకలేదు. తెలుగు పత్రికల్లో అది ఎంత వచ్చిందో నాకు తెలుసు, చెప్పను.

మన సంగతికి వద్దాం. అరబ్ దేశాలు మనకి దూరం కావు. కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి వెళ్లని ఊరు లేదు. 1990లో సద్దాం కువైట్‌ని ఆక్రమిస్తే ఎయిరిండియా రెండు నెలల్లో లక్షా డెబ్బై వేలమందిని తెచ్చింది, అందులో మనవాళ్లు ఎంతోమంది. 2015 జులైలో లిబియాలో సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువాళ్లని ఎత్తుకుపోయారు. ఏడాది దాటాక 2016 సెప్టెంబరులో బయటపడ్డారు. ఆ ఏడాదంతా ఇక్కడ మనం చేసిందేమిటి? పుకారు వచ్చిన ప్రతిసారీ వాళ్ల ఇంటి ముందు మైకులు పెట్టాం. సిర్తే ఎక్కడుంది, 2011 అక్టోబరులో గడాఫీని అక్కడే చంపాక ఆ ఊరు ఎవరి చేతుల్లోకి పోయింది, జీతం బకాయిలు వస్తాయేమోనని ఎంతమంది అక్కడ ఆగిపోయారు, ఇవేవీ రాయలేదు. మనవాళ్లు క్షేమం అంటే వార్త అయిపోయినట్టే.

గల్ఫ్‌లో, ఇరాక్‌లో, లిబియాలో తెలుగు మాట్లాడే నర్సులు, డ్రైవర్లు, మేస్త్రీలు వేలమంది ఉన్నారు. కర్ఫ్యూ ఎలా ఉంది, రొట్టె ధర ఎంత, చెక్‌పోస్టు దగ్గర ఎవరు నిలబడ్డారు, వాళ్లకి తెలుసు. 2014లో తిక్రిత్ ఆస్పత్రిలో చిక్కుకున్న కేరళ నర్సులతో మలయాళ విలేకరులు ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. మనం మనవాళ్లకి ఫోన్ చేసేది ఒక్క ప్రశ్నకే, బాగున్నారా అని. హైదరాబాద్‌లో బార్కస్‌కి మండీ తినడానికి వెళతాం కదా. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల సంతతి ఉండే పేట అది. 2015లో యెమెన్ మీద బాంబులు మొదలైనప్పుడు ఆ దేశంతో చుట్టరికం ఉన్న మనుషులు మన ఆఫీసులకి సిటీ బస్సు దూరంలో ఉన్నారు. మేం సనా వార్త లండన్ మీదుగా తెప్పించుకున్నాం.

డెస్కులో ఒక పనికిమాలిన అలవాటుంది, అది చెప్పి ముగిస్తాను. ఏజెన్సీ కాపీలో నాలుగో పేరాలోనో అయిదో పేరాలోనో ఒక వాక్యం ఉంటుంది: ఈ వివరాలను స్వతంత్రంగా నిర్ధారించుకోలేకపోయాం అని. స్థలం చాలక కాపీ కోసేటప్పుడు ముందు పోయేది ఆ వాక్యమే. మీరు డెస్కుకి వెళ్లాక హెడ్డింగ్‌లో మాట తగ్గించుకోండి, విశేషణం తీసేయండి, ఆ వాక్యం మాత్రం ఉంచండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ప్రశ్న: సర్, మృతుల సంఖ్య ఒక్కో పత్రికలో ఒక్కోలా ఉంటుంది. ఏది రాయాలి?

ఎవరు చెప్పారో ఆ పేరుతో రాయమ్మా. సిరియా మృతుల లెక్క అప్‌డేట్ చెయ్యడం 2014 జనవరిలో ఐక్యరాజ్య సమితి ఆపేసింది, సరిచూసుకునే వీలు లేక. మళ్లీ ఏళ్లపాటు పేర్లు, జాబితాలు పోల్చి 2022 జూన్‌లో అంచనా ఇచ్చింది: పదేళ్లలో 3,06,887 మంది పౌరులు. అది పౌరుల లెక్క, సైనికులు అందులో లేరు. అలాగే యెమెన్‌లో 2021 చివరికి 3,77,000 మంది అని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ అంచనా. అందులో దాదాపు 60 శాతం ఆకలితో, రోగాలతో, వైద్యం అందక పోయినవాళ్లు. బాంబుల్లో 3,77,000 మంది హతం అని హెడ్డింగ్ పెడితే తప్పు. ఆకలి చావుల్ని వదిలేస్తే ఇంకా పెద్ద తప్పు. పౌరులా, అందరూనా, ఏ తేదీ దాకా, లెక్కపెట్టింది ఎవరు. ఈ మూడూ దొరక్కపోతే అంకె రాయకు.

ప్రశ్న: నాకు నిజంగా వెళ్లి రిపోర్ట్ చెయ్యాలని ఉంది సర్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఇంట్లో చెప్పు బాబూ. (నవ్వులు) లేదు, సీరియస్‌గానే చెబుతున్నాను. నువ్వు ఫ్రీలాన్సర్‌గా వెళితే నీ వెనక సంస్థ ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు, ఏమైనా అయితే ఫోన్ వచ్చేది ఇంటికే. తర్వాత ఫస్ట్ ఎయిడ్. 2011 ఏప్రిల్ 20న లిబియాలోని మిస్రాటాలో టిమ్ హెదరింగ్టన్, క్రిస్ హోండ్రోస్ ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చనిపోయారు. హెదరింగ్టన్ తొడ రక్తనాళం తెగి, రక్తం పోయి చనిపోయాడు. పక్కన ఉన్నవాళ్లకి రక్తం ఆపడం వచ్చి ఉంటే ఏమైనా అయ్యేదేమోనని అతని స్నేహితుడు సెబాస్టియన్ యుంగర్ ఫ్రీలాన్స్ విలేకరులకి శిక్షణ ఇచ్చే సంస్థే పెట్టాడు. కట్టు బిగించడం ఇక్కడే నేర్చుకోవచ్చు.

ఇక భాష. ఉస్మానియాలో అరబిక్ శాఖ ఉంది, ఇక్కడి ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఉంది. ఈ హాల్లో నుంచి అక్కడికి వెళ్లి కనుక్కున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి... ఒక్కరూ లేరా? సరే. అడ్మిషన్ల తేదీలు చూసుకో. ఈలోపు నువ్వు వెళ్లాలనుకున్న ఊరి నుంచి రాసే స్థానిక విలేకరులు పదిమందిని వెతికి, ఆర్నెల్లపాటు రోజూ చదువు. వాళ్లు రాసినదానికీ మన పేజీలో వచ్చినదానికీ తేడా ఎక్కడుందో రాసిపెట్టుకో. వెళ్లాల్సిన అవసరం నిజంగా ఉందో లేదో ఆ నోట్‌బుక్ చూస్తే నీకే తెలుస్తుంది.